సెనెగల్‌లో ఫ్రెంచి: పాలకులు పోయినా నిలిచిన భాష

పశ్చిమ ఆఫ్రికాలోని సెనెగల్ 1960లో ఫ్రాన్సు నుంచి స్వాతంత్ర్యం పొందింది. అక్కడ అత్యధికులకు తెలిసిన భాష వోలోఫ్. అయినా అధికార భాషగా ఫ్రెంచినే ఉంచుకున్నారు. ఎందుకు?

చట్టాలు, కోర్టులు, పాఠ్యపుస్తకాలు అప్పటికే ఫ్రెంచిలో ఉండటం ఒక కారణం. వోలోఫ్‌కు ఆ హోదా ఇస్తే పులార్, సెరేర్ మాట్లాడేవారు వెనకబడతారనీ, ఫ్రెంచి ఎవరి ఇంటి భాషా కాదు కాబట్టి తగవు ఉండదనీ వినిపించే వాదన మరొకటి. ఇందులో కొంత నిజం లేకపోలేదు. అయితే ఫ్రెంచి చదివి పదవులు పొందినవారికి ఈ వాదన ఎంతో అనుకూలమైనదని విద్యార్థులు గమనించాలి. తొలి అధ్యక్షుడు సెంఘోర్ స్వయంగా ఫ్రెంచి కవి. 1983లో ఫ్రెంచి అకాడమీకి ఎన్నికైన మొదటి ఆఫ్రికన్ ఆయనే.

ఈ భాష బడిలో ఎలా నాటుకుందో కూడా తెలుసుకోవాలి. వలస పాలన కాలంలో బడిలో సొంత భాష మాట్లాడి దొరికిపోయిన పిల్లవాడి మెడలో 'సింబోల్' అనే వస్తువును వేలాడదీసేవారు. మరొకడు దొరికేదాకా అది వాడి మెడలోనే ఉండేది. పిల్లల మీద పిల్లలనే నిఘా పెట్టిన పద్ధతి ఇది.

బడి ముఖం చూడనివారి సంగతి ఏమిటి? రచయిత సెంబెన్ ఉస్మాన్ నవలలు ఫ్రెంచిలోనే రాశాడు. కానీ తన ప్రజల్లో వాటిని చదవగలిగినవారు కొద్దిమందేనని గ్రహించి సినిమా వైపు మళ్లాడు. 1968లో వచ్చిన 'మందాబి' వోలోఫ్‌లో తీసినది. అందులో ఇబ్రహీమా అనే నడివయసు నిరుద్యోగికి పారిస్ నుంచి మేనల్లుడు మనియార్డరు పంపుతాడు. వచ్చిన ఉత్తరాన్ని కూడా ఇంకొకరి చేత చదివించుకోవాలి. డబ్బు కావాలంటే గుర్తింపు కార్డు, కార్డు కావాలంటే పుట్టిన తేదీ పత్రం. ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి, చివరికి చదువుకున్న బంధువుకు అధికారం రాసిస్తే అతడే ఆ సొమ్ము కాజేస్తాడు. మనియార్డరు వచ్చిందని ఊరించి అప్పులు మాత్రం మిగిల్చిన ఆ కథ, అధికార భాష అంటే ఏమిటో పాఠ్యగ్రంథాల నిర్వచనాలకన్నా బాగా చెబుతుందని నా అభిప్రాయం.

2001 సెనెగల్ రాజ్యాంగం వోలోఫ్‌తో సహా ఆరు భాషలను జాతీయ భాషలుగా పేర్కొంది. అధికార భాష మాత్రం ఫ్రెంచే. పొరుగున ఉన్న మాలి ఇంకో అడుగు వేసింది. 2023లో అది ఫ్రెంచిని అధికార హోదా నుంచి తప్పించి, దేశ భాషలకు ఆ స్థానం ఇచ్చింది. ఫ్రెంచి మాత్రం పని భాషగా కొనసాగుతోంది. ఈ మార్పు చేసిన రాజ్యాంగం కూడా ఫ్రెంచిలో రాసినదే.