పురిటిబిడ్డకు చనుబాలు

వ్యవసాయ పత్రికలో పురిటింటి ముచ్చట యేల యని కొందఱు సభ్యులు తలంపవచ్చును. కాని యీ విషయమున రైతునకు తెలిసినంత పట్టణవాసికి తెలియదు. ఆవు ఈనిన రాత్రి, దూడ లేచి నిలిచి పొదుగు వెదకికొను వఱకు రైతు నిద్రపోడు. అది కుడువకున్నచో తానే మూతి పట్టి చన్ను నోటికందించును. దూడకు తల్లి గర్భమునందుండగా రోగముల నెదిరించు శక్తి దాదాపు ఏమియు రాదు. అది యంతయు ముర్రుపాలవలననే రావలెను. అందుచేతనే పుట్టిన ఒకటి రెండు గంటలలో దూడకు ముర్రుపాలు పట్టుడని మేము ఊరూరను చెప్పుచుందుము. జున్నుమీది మోజుచే దూడ నోరుగొట్టి చెంబు నింపుకొనువారిని మందలించుటయు కలదు.

అట్టి రైతు ఇంటనే కోడలు ప్రసవించినపుడు జరుగుచున్నదేమి? పసుపువన్నెతో చిక్కగానుండు మొదటిపాలు బిడ్డకు అఱుగవని పిండి పాఱబోయుదురు. మూడవ దినము వఱకు ఆముదమో, తేనెయో, పంచదార నీళ్లో నాలుకకు రాయుదురు. ఈ యాచారము పలుచోట్ల తగ్గినది గాని పోలేదు. మనుష్యశిశువునకు గర్భమందే కొంత రక్షణ కలుగుట నిజమే. అయినను ప్రేవులను కాపాడు పదార్థములు ముర్రుపాలలోనే మెండు. తేనెలో ఒక్కొక్కప్పుడుండు సూక్ష్మజీవి, ఏడాదిలోపు బిడ్డకు కండరములు చచ్చుపడు వ్యాధిని కలిగింపగలదు. కావున కాన్పైన గంటలోపల బిడ్డను తల్లి ఱొమ్మునకు చేర్పవలెను. ఆపరేషను కాన్పైనను, తల్లికి తెలివి కలిగిన వెంటనే చేర్పవచ్చును.

"పాలు పడలేదు" అనుమాట ప్రతి పురిటింటను వినబడును. మొదటి దినమున బిడ్డ కొకసారికి కావలసినది చెంచాడు పాలే. పాలు పొంగివచ్చుట సాధారణముగా రెండు మొదలు నాలుగు దినములలోపల జరుగును. ఈలోగా బిడ్డ బరువు కొంత తగ్గినను, పదవవంతు మించకున్నచో భయము లేదు. రెండువారములలోపల మరల పుంజుకొనును. కుడిచినకొలది పాలు ఊరును. సీసాపాలు అలవాటు చేసినకొలది తగ్గును. మఱియు ఆవు చేపుట మీరెఱుగనిదా? దూడను విడిచిన చేపును. కొత్తవాడు దగ్గఱకు వచ్చినను, కుక్క మొఱిగినను చేపదు. స్త్రీయందును అంతే. బెదరింపులు, సాధింపులు, నిద్రలేమి చేపును అడ్డగించును. తల్లిని గోవుతో పోల్చితిమని కోపింపవలదు. చేపు కలిగించు రసము రెంటియందును ఆక్సిటోసినే. కొందఱు దొంగచాటుగా గేదెలకు పొడుచు సూదిమందును అదియే. బాలింతకు సూది యక్కఱలేదు. అత్తగారి నోట ఒక మంచిమాట చాలును.

చనుమొన పగిలి, పాలిచ్చునపుడెల్ల తల్లి కన్నీరు పెట్టుకొనుచున్నచో, అది చాలవఱకు బిడ్డ సరిగా పట్టకపోవుట వలననే. ఇచ్చట దూడ పోలిక చెల్లదు. దూడకు చన్ను చిక్కిన చాలును. బిడ్డ నోటిలోనికి మొన మాత్రమేగాక చుట్టునున్న నల్లని వలయమును చాలభాగము పోవలెను. బిడ్డ పొట్ట తల్లి పొట్టకు తగులునట్లు, తలయు ఒడలును ఒక వరుసనుండునట్లు పట్టుకొని, మొనను పైపెదవికి తాకింపవలెను. నోరు ఆవులించినట్లు తెఱచు వఱకు ఓపిక పట్టి, అప్పుడు బిడ్డను ఱొమ్మునకు తేవలెను గాని ఱొమ్మును బిడ్డకడకు వంపరాదు. గడ్డము ఱొమ్మునకాని, క్రింది పెదవి వెలుపలికి తిరిగియున్న పట్టు సరియైనది. నొప్పి తగ్గకున్నచో నోటిమూలకు చిటికెనవ్రేలు చొనిపి విడిపించి, మరల మొదలిడవలెను.

పాలు నిలిచి ఱొమ్ము రాయివలె గట్టిపడిన, కొంచెము చేతితో పిండి మెత్తపఱచి బిడ్డకు పట్టించి, పిదప చల్లని తడిగుడ్డ వేయవలెను. రాత్రింబవళ్లు కలిపి 8 మొదలు 12 మార్లు కుడిపినచో ఈ బాధ అరుదు. ఎఱ్ఱబాఱి జ్వరము వచ్చిన వైద్యునకు చూపవలెను. పొదుగువాపు వచ్చిన గేదె పాలు మనము పాఱబోయుదుము. బాలింత యట్లు మానరాదు. ఆ పాలు బిడ్డకు చెఱుపు చేయవు. మానినచో వాపే ముదురును.

బరువు తక్కువై కుడువలేని బిడ్డకు తల్లి పాలే పిండి, శుభ్రమైన ఉగ్గుగిన్నెతో పట్టవలెను. అయిదవ దినము దాటిన పిమ్మట రోజునకు ఆరు గుడ్డలైన తడిపినచో పాలు చాలుచున్నవని యెఱుగునది. కుడుచుట మానినను, ఒడలు చల్లబడినను, కాలినను, అరచేతులు అరికాళ్లు పచ్చబడినను, ఆ గంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. ఆసుపత్రి కాన్పైన బిడ్డను ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ దినములలో చూచిపోవలసియున్నది. సందేహముల నామె నడుగుడు.

ఆరు నెలలు నిండు వఱకు, ఎండకాలమునందైనను, బిడ్డకు నీళ్లు సహితము అక్కఱలేదు. నీళ్లు కావలసినది తల్లికి. పథ్యమను పేర ఆమెకు దాహమును, పప్పును, ఆకుకూరను నిషేధించుట తగదు.

నాట్లకును కలుపునకును పసిబిడ్డల తల్లులు వచ్చుచుందురు. మన సంఘమున కూలీలను పెట్టుకొను సభ్యులు గట్టున చెట్టునీడ ఉయ్యాల కట్టుకొననిచ్చి, బిడ్డ యేడ్చినపుడు కూలి కోయక తల్లిని పంపవలెను.