రెండు వేళ్లు, అయిదు తీగలు: జిప్సీ జాజ్‌కీ మన గుడివాడకీ ఏంటి లింకు?

1934, పారిస్. ఎడమచేతిలో రెండు వేళ్లు సరిగ్గా కదలని ఓ గిటారిస్టు, డ్రమ్స్ అన్నదే లేని ఓ బ్యాండుతో రికార్డింగ్‌కి కూర్చున్నాడు.

1978, కృష్ణాజిల్లా గుడివాడ. త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో పట్టుమని పదేళ్లు కూడా లేని ఓ కుర్రాడు మాండొలిన్ పట్టుకుని కర్ణాటక సంగీత కచేరీకి కూర్చున్నాడు.

మొదటివాడు జాంగో రైన్‌హార్ట్. జిప్సీ జాజ్ గిటార్ అనగానే ప్రపంచమంతా చెప్పే పేరు. రెండో కుర్రాడు మన పాలకొల్లు ఉప్పలపు శ్రీనివాస్. అదే, మాండొలిన్ శ్రీనివాస్.

నాది అవనిగడ్డ. ఇంజినీరింగ్ అయ్యాక హైదరాబాద్‌లో కోడ్ రాసుకుంటున్నా, వీకెండ్ వస్తే గిటార్ పట్టుకుంటా. ఫోన్లో జాంగో పాట పెట్టినప్పుడల్లా మా రూమ్మేట్ అడిగే ప్రశ్న ఒకటే: "మన ఊళ్లకీ ఈ మ్యూజిక్‌కీ ఏం సంబంధం రా?" వాడికి చెప్పిన జవాబే కాస్త విడమరిచి మీకూ చెబుతున్నా.

మనూష్ అంటే మనిషే

జాంగో 1910 జనవరి 23న బెల్జియంలోని లిబెర్షీ అనే ఊళ్లో పుట్టాడు. అసలు పేరు జీన్. పెరిగింది పారిస్ శివార్లలో, చక్రాల బండి ఇళ్ల మధ్య. వాళ్లది రోమా ప్రజల్లో మనూష్ అనే శాఖ.

మనూష్ అన్న మాట ఎక్కడో విన్నట్టుంది కదా? వాళ్ల భాషలో దానర్థం మనిషి. అంకెలు కూడా చూడండి: యేఖ్, దుయ్, త్రిన్, ష్తార్, పాంజ్. నీళ్లని పానీ అంటారు. భాషా శాస్త్రవేత్తలు ఈ మాటల జాడ పట్టుకునే, రోమా ప్రజల పూర్వీకులు సుమారు వెయ్యేళ్ల కిందట భారత ఉపఖండం నుంచి పడమటికి వలస వెళ్లినవాళ్లని తేల్చారు. వీళ్లు ఈజిప్టు నుంచి వచ్చారనుకుని యూరప్ వాళ్లు పెట్టిన పేరు జిప్సీ. రోమా వాళ్లలో చాలామందికి ఆ పేరు తిట్టులాగే వినిపిస్తుంది. సంగీతానికి ఆ పేరే స్థిరపడింది కాబట్టి ఇక్కడ వాడుతున్నా.

అలాగని జాంగో వాయించింది మన రాగాలే అనేస్తే అది వాట్సాప్ చరిత్ర అవుతుంది. ఆయన చిన్నప్పుడు వాయించింది పారిస్ డాన్స్ హాళ్లలో అకార్డియన్ పక్కన బాంజో. ఆ తర్వాత లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ రికార్డులు విని జాజ్‌లో మునిగిపోయాడు. ఈ రెండింటికీ తన వాళ్ల వాయిద్యం తీరు కలిస్తే వచ్చిందే జిప్సీ జాజ్. మనతో అసలు పోలిక రక్తంలో కాదు, నేర్చుకునే పద్ధతిలో ఉంది. అక్కడికి వస్తా.

మంటల్లో పోయిన వేళ్లు

1928. జాంగోకి పద్దెనిమిదేళ్లు. భార్య సెల్యులాయిడ్ పూలు చేసి అమ్మేది. సెల్యులాయిడ్‌కి నిప్పు తగిలితే ఇంకేముంది! ఓ రాత్రి కొవ్వొత్తి మంట పూలకి అంటుకుని, బండి ఇల్లు క్షణాల్లో తగలబడిపోయింది. ఇద్దరూ ప్రాణాలతో బయటపడ్డారు. కానీ జాంగో కాలు బాగా కాలింది. తీసేయాలని డాక్టర్లంటే ఒప్పుకోలేదు. ఎడమచేతి ఉంగరం వేలూ చిటికెన వేలూ మాత్రం ముడుచుకుపోయాయి.

గిటార్ తెలిసినవాళ్లకి ఇదెంత దెబ్బో వేరే చెప్పక్కర్లేదు. తీగలు నొక్కేది ఎడమచెయ్యే. తమ్ముడు జోసెఫ్ తెచ్చిచ్చిన గిటార్‌తో జాంగో మంచం మీదే మళ్లీ మొదటినుంచీ సాధన మొదలుపెట్టాడు. పరుగులన్నీ చూపుడు వేలు, నడిమి వేలుతోనే. ముడుచుకున్న రెండు వేళ్లనీ వదిలేయలేదు, కార్డులు పట్టేటప్పుడు పై స్వరాల తీగలు నొక్కడానికి వాడుకున్నాడు.

మామూలు గిటారిస్టు నాలుగు వేళ్లనీ ఒకచోట పరిచి, అక్కడే అన్ని తీగల మీదా తిరుగుతాడు. రెండు వేళ్లతో అది కుదరదు. అందుకే జాంగో చెయ్యి గిటార్ మెడ పొడవునా కింది నుంచి పైకి పరుగెత్తుతుంది. ఆయన సోలోల్లో గబగబా మెట్లెక్కుతున్నట్టు వినిపించే ఆ పరుగు ఇలా వచ్చిందే. ఇప్పుడు పదివేళ్లూ బాగున్నవాళ్లు కూడా ఆ సౌండు కోసం అదే దారిలో సాధన చేస్తున్నారు.

డ్రమ్స్ లేకుండా ఊపు ఎక్కణ్నుంచి?

1934లో మొదలైన హాట్ క్లబ్ ఆఫ్ ఫ్రాన్స్ క్వింటెట్‌లో అయిదుగురూ తీగల వాళ్లే. జాంగో గిటార్, స్టెఫాన్ గ్రాపెల్లి వయొలిన్, జోసెఫ్ రైన్‌హార్ట్, రోజే షపూల రిథమ్ గిటార్లు, లూయీ వోలా బేస్. డ్రమ్స్ లేవు, ట్రంపెట్ లేదు. అప్పటి జాజ్ బ్యాండుల్లో ఇది వింతే.

మరి లయ ఎవరు పట్టాలి? రిథమ్ గిటార్లే. ఆ పద్ధతి పేరు లా పోంప్, అంటే పంపు కొట్టడం. నోటితో చెప్పాలంటే "ఝుం-చక్, ఝుం-చక్". ఒకటో దెబ్బా మూడో దెబ్బా మెత్తగా పడతాయి. రెండూ నాలుగూ కటువుగా, పొట్టిగా పడతాయి. దెబ్బ పడగానే ఎడమచేతి పట్టు వదిలితే శబ్దం టక్కున ఆగుతుంది. ఆ ఆగడంలోనే ఊపు ఉంది. మన బుర్రకథలో కథకుడు భుజాన తంబురా మీటుతూ, రెండో చేతి అందెలతో తాళం వేస్తూ కథ నడిపిస్తాడు చూడండి. తీగ వాయిద్యమే దరువు కూడా వేయడం మనకి తెలియని విషయమేం కాదు.

ఇక సోలో సంగతి. గిటార్‌కి పుట్టుకతోనే ఓ లోటుంది. మీటగానే స్వరం పుట్టి, వెంటనే పల్చబడిపోతుంది. వయొలిన్‌లా సాగదు. పైగా అప్పట్లో ఆంప్లిఫయర్లు ఇంకా అందరి చేతికీ రాలేదు. ఈ చిక్కుకి జాంగో దగ్గర మూడు మందులున్నాయి.

ఒకటి, వాయిద్యం. మారియో మకాఫెర్రీ డిజైన్ చేయగా ఫ్రాన్స్‌లోని సెల్మెర్ కంపెనీ 1932లో తెచ్చిన గిటార్ శబ్దం గట్టిది, సూటిది. రెండు, కుడిచెయ్యి. మణికట్టు వంచి, అరచెయ్యి గిటార్‌కి ఆనకుండా, మందపాటి ప్లెక్ట్రమ్‌తో తీగని కిందికి తోస్తే అది పక్క తీగ మీద వాలుతుంది. తీగ మారిన ప్రతిసారీ మళ్లీ కిందికి దెబ్బే. మూడు, అలంకారం. నిలబెట్టాల్సిన స్వరాన్ని వేలితో గట్టిగా వణికిస్తాడు, లేదా అదే స్వరాన్ని దడదడా మీటుతూ నిలబెడతాడు, లేదా కార్డులోని స్వరాల్ని ఒక్కొక్కటిగా పూసల్లా జార్చేస్తాడు.

సంగీతం మిగిలింది, మనుషులు?

1939లో యుద్ధం మొదలయ్యేసరికి బ్యాండు ఇంగ్లండ్‌లో ఉంది. గ్రాపెల్లి లండన్‌లో ఉండిపోయాడు, జాంగో పారిస్ తిరిగొచ్చేశాడు. కొన్నాళ్లకి పారిస్ నాజీల చేతికి వెళ్లింది. ఓపక్క జాంగో 'న్యుయాజ్' పారిస్‌లో మారుమోగుతోంది. ఇంకోపక్క ఆయన జాతి వాళ్లని యూరప్ అంతటా క్యాంపులకి తరలించి చంపుతున్నారు. అలా చనిపోయిన రోమా ప్రజలు రెండున్నర లక్షల నుంచి అయిదు లక్షల దాకా ఉంటారని చరిత్రకారుల అంచనా. జాంగో 1943లో స్విట్జర్లాండ్‌కి పారిపోవాలని చూసినా సరిహద్దు దాటనివ్వలేదు. పేరు వల్లో, అదృష్టం వల్లో బతికాడు. 1946లో అమెరికాలో డ్యూక్ ఎలింగ్టన్‌తో కలిసి వాయించాడు. 1953లో 43 ఏళ్లకే పోయాడు.

ఆ తర్వాత ఈ సంగీతాన్ని నిలబెట్టింది కాలేజీలు కాదు, కుటుంబాలు. జాంగోకి నొటేషన్ చదవడం రాదు. వాళ్ల పిల్లలు కూడా తండ్రుల, బాబాయిల పక్కన కూర్చుని, విని, చేతులు చూసి నేర్చుకున్నారు. బిరెలీ లాగ్రెన్ అనే కుర్రాడి తొలి ఆల్బమ్ 1980లో వచ్చింది. అప్పటికి వాడి వయసు పదమూడు. వాళ్ల దగ్గర స్వరం కాగితం మీద ఉండదు, చెవిలో ఉంటుంది.

ఇప్పుడు గుడివాడ వద్దాం

అవనిగడ్డలో బస్సెక్కితే చల్లపల్లి, కూచిపూడి, పామర్రు దాటాక గుడివాడ వస్తుంది. శ్రీనివాస్ తొలి బహిరంగ కచేరీ ఆ ఊళ్లోనే జరిగిందని మా బ్యాచ్‌లో చాలామందికి తెలీదు.

శ్రీనివాస్ 1969లో పాలకొల్లులో పుట్టారు. తండ్రి సత్యనారాయణ గారు క్లారినెట్ విద్వాంసుడు. ఇంట్లో ఉన్న మాండొలిన్‌ని పసితనంలోనే పట్టుకున్నారు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. ఆయనకి మాండొలిన్ రాదు. మరి నేర్పిందెలా? గురువు పాడేవారు, పిల్లాడు విని వాయించేవాడు. అంతే. మనూష్ బండి ఇళ్లలో జరిగిందీ ఇదే కదా!

సమస్య కూడా అదే. మాండొలిన్ స్వరం గిటార్ కంటే తొందరగా ఆరిపోతుంది. పైగా మెట్లున్న వాయిద్యం. కర్ణాటక సంగీతానికి గమకం ప్రాణం, స్వరం ఊగాలి, జారాలి. శ్రీనివాస్ ఎంచుకున్న దారి వేరు. మామూలు మాండొలిన్‌కి నాలుగు జతల తీగలుంటాయి. ఆయన ఎలక్ట్రిక్ మాండొలిన్ తీసుకుని జతలకి బదులు ఒంటి తీగలు పెట్టారు, తర్వాత వాటిని అయిదు చేశారు. ఒంటి తీగని పక్కకి లాగడం తేలిక, కాబట్టి గమకం పలికింది. కరెంటు వల్ల స్వరం సాగింది. జాంగో తన వాయిద్యం లోటుని లయతో, విసురుతో దాటితే, శ్రీనివాస్ వాయిద్యాన్నే మార్చి దాటారు.

1981లో చెన్నై డిసెంబరు సీజన్, 1983లో బెర్లిన్ జాజ్ ఫెస్టివల్, 1998లో పద్మశ్రీ. 2014 సెప్టెంబరు 19న 45 ఏళ్లకే వెళ్లిపోయారు. జాంగో లాగే ఆయనా తొందరపడ్డారు.

ఈ రెండు దారులూ ఒకచోట కలిశాయి కూడా. జాంగోని వింటూ పెరిగిన ఇంగ్లిష్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్, 'రిమెంబర్ శక్తి' బ్యాండులో శ్రీనివాస్‌ని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. జాంగో జోడీ గ్రాపెల్లి, మన వయొలిన్ విద్వాంసుడు ఎల్.సుబ్రమణ్యంతో కలిసి 'కాన్వర్సేషన్స్' అనే ఆల్బమే చేశాడు.

ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి

ముందుగా జాంగో, గ్రాపెల్లిల 'మైనర్ స్వింగ్', 1937 రికార్డింగ్. మూడు నిమిషాలే. మొదటిసారి సోలో వదిలేసి వెనక "ఝుం-చక్" మాత్రమే వినండి. రెండోసారి గిటార్ ఏ స్వరాన్ని వణికిస్తోందో పట్టుకోండి. మూడోసారి వయొలిన్ ఎక్కడ అందుకుంటుందో చూడండి. ఆ తర్వాత శ్రీనివాస్ ఆలాపన ఏదైనా పెట్టి, ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి ఎలా జారుతున్నారో గమనించండి.

గిటార్ నేర్చుకుంటున్నవాళ్లకి ఇంకో మాట. టాబ్ చూసి వాయించడం తప్పేం కాదు. కానీ ఒక్కసారి పది సెకన్ల ముక్క తీసుకుని, లూప్‌లో పెట్టి, ముందు నోటితో పాడండి. పాడగలిగాక తీగ మీద వెతకండి. మొదట్లో ఒక్క ముక్కకే నాకు వారం పట్టేది. కానీ అలా దొరికింది ఇక మర్చిపోలేదు.

మా రూమ్మేట్‌కి నేను చెప్పిందిదే. పారిస్ శివార్లలో బండి ఇల్లయినా, పాలకొల్లులో ఇల్లయినా పక్కన పాడేవాడొకడు, వినేవాడొకడు ఉన్నారు. ఖరీదైన గిటార్ లేదనో, మన ఊళ్లో క్లాసులు లేవనో ఆగిపోతుంటే, ముందు మీ ఇంటి అటక మీద చూడండి. తాతల నాటి బుల్‌బుల్ తారో, తీగలు తెగిన మాండొలినో ఉంటే దుమ్ము దులిపి దింపండి.