నౌక దిగిన రైతు

బారువ దగ్గర మహేంద్రతనయ, కళింగపట్నం దగ్గర వంశధార, కల్లేపల్లి దగ్గర నాగావళి, కోనాడ దగ్గర చంపావతి సముద్రంలో కలుస్తున్నవి. ఈ నదీముఖాల నడుమ, ఇసుక దిబ్బల మీద సరుగుడు తోటలు బారులు తీరి నిలిచి ఉన్నవి. తోటల వెనుక మెట్ట చేలు. చోళ్లు, గంటెలు, వేరుసెనగ, గోగు అక్కడి పంటలు. చేలో కలుపు తీసేవారు నడుము నిలిపి తూర్పుకు తిరిగితే దూరాన ఓడ కనిపించడం కద్దు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల తీరగ్రామాలలో పుట్టిన బాలునికి నాగలి, గొడ్డలి, ఓడ మూడూ పరిచితమైనవే. ఆ మూడింటినీ ఒక్క జన్మలోనే చేపట్టిన మనిషి ఈ సీమలోని మాజీ నావికుడు.

నావికాదళం ఈ జిల్లాలకు పొరుగునే ఉన్నది. విశాఖపట్నం కేంద్రంగా తూర్పు నౌకాదళ కమాండు 1968 మార్చి 1న ఏర్పడినది. ఉత్తరాన ఒడిశాలోని చిలికా సరస్సు ఒడ్డున నావికుల శిక్షణకై ‘ఐ.ఎన్.ఎస్. చిలికా’ 1980లో వెలసినది. 2022కు ముందు మీసకట్టు రాని వయసులో కొలువులో చేరినవాడు పదిహేనేళ్లు పనిచేస్తే పింఛనుకు అర్హుడవుతాడు. అప్పటికి అతనికి ముప్పది మూడో, ముప్పది అయిదో ఏళ్లు. కొలువు ముగిసినది కాని బ్రతుకు సగమైనా గడవలేదు. మిగిలిన సగం ఏమి చేయాలన్న ప్రశ్నతో అతడు ఊరి బస్సు దిగుతాడు.

వెనుకటి తరం నావికులు చూసినది యుద్ధకాలం. 1971 డిసెంబరు 3, 4 తేదీల నడిమి రాత్రి, ‘విక్రాంత్’ విమానవాహక నౌకను వెదకుతూ వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ‘ఘాజీ’ విశాఖ రేవు ఎదుట మునిగిపోయినది. ఆ వేళకు విక్రాంత్ విశాఖలో లేదు. అది అండమాన్ వైపు దాగి ఉండి, 4వ తేదీనుండి కాక్స్ బజారు, చిట్టగాంగు రేవులపై తన విమానాలను పంపినది. నాడు ఇరువది ఏళ్ల కుర్రవారై ఓడలపై నిలిచినవారు నేడు డెబ్బది దాటిన వృద్ధులు. విశాఖ తీరంలో ఆ యుద్ధానికి విజయస్మారకం ఉన్నది. పల్లెకు వచ్చినవానికి మాత్రం స్మారకం లేదు. అతనికి ఉన్నది రెండు మూడు ఎకరాల ఇసుక నేల.

అయితే అతడు వట్టి చేతులతో రాలేదు. గాలిని చదవడం నేర్చి వచ్చినాడు. భూగోళపు ఉత్తరార్ధంలో తుఫాను గాలులు గడియారపు ముల్లుకు ఎదురుగా తిరుగుతవి. కనుక గాలికి వీపు పెట్టి నిలిచినవానికి తుఫాను కేంద్రం సుమారుగా ఎడమ చేతి వైపున ఉంటుంది. వాయుపీడనం త్వరత్వరగా పడిపోతున్నదంటే ముప్పు దగ్గరకు వస్తున్నదన్నమాట. కళింగపట్నం, భీమునిపట్నం రేవులలో ఎగురవేసే ప్రమాద సూచికల అంకెలు ఊరివారికి వట్టి అంకెలు. అతనికి అవి మాటలు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం వద్ద తీరం దాటినది. 2018 అక్టోబరు 11న తిత్లీ శ్రీకాకుళం జిల్లా పలాస ప్రాంతాన్ని తాకి, ఉద్దానంలోని కొబ్బరి, జీడిమామిడి తోటలను నేలకూల్చినది. ఏళ్ల తరబడి పెంచిన కొబ్బరి చెట్టు ఒక్క రాత్రిలో పడిపోతే, రైతు కోల్పోయినది ఒక పంట కాదు. ఒక తరం సంపాదన.

ఈ గాలికి అడ్డు నిలిచేది సరుగుడు. దాని వేళ్లలోని బుడిపెలు గాలిలోని నత్రజనిని పట్టి ఇసుకను సారవంతం చేస్తవి. దట్టంగా పెరిగిన వరుస తన ఎత్తుకు పది రెట్ల దూరం వరకు గాలి ఉరవడిని తగ్గిస్తుంది. పెనుతుఫానులో అదీ కూలుతుంది. కాని ముందు దెబ్బ తాను తిన్న తరువాతనే చేనుకు దెబ్బ తగలనిస్తుంది. నావికునికి ఇది చెప్పనక్కరలేదు. రేవుకు అలల అడ్డుగోడ ఎట్టిదో, చేనుకు ఈ తోట అట్టిది.

చిక్కు ఇక్కడనే ఉన్నది. నాటిన నాలుగైదేళ్లకు సరుగుడు కోతకు వస్తుంది. కాగితపు గుజ్జుకు, పందిళ్లకు, ఇంటి కట్టడపు ఊతలకు, వంటచెరకుకు దానికి గిరాకీ. వర్తకుడు రొక్కం పట్టుకొని గట్టు మీద నిలుచుంటాడు. కూతురి పెండ్లి, కొడుకు చదువు, పాత అప్పు ఆ రొక్కం వైపే లాగుతవి. తోటంతా ఒక్కసారిగా కొట్టివేస్తే ఆ ఏడు ఇల్లు గడుస్తుంది. కాని ఆ మోడు మరల బాగా చిగురించే జాతి కాదు. మళ్లీ నారు నాటి, లేతమొక్కలకు నీరు పోసి పెంచవలసినదే. అంతవరకు చేనుకు కాపు లేదు; ఆశ్వయుజ కార్తికాలలో వచ్చే గాలి ఎవరికోసమూ ఆగదు.

అందుచేత తెలిసినవాడు గొడ్డలి పట్టేముందు లెక్క వేసుకుంటాడు. చేనువైపు వరుసలు ముందు కొట్టించి, సముద్రంవైపు వరుసలు నిలిపి ఉంచుతాడు. కొట్టిన నేలలో వానలకు నారు నాటి, అది నిలదొక్కుకొన్న తరువాతనే తక్కినవాటి మాట తలపెడతాడు. ఓడలో ఒకరు నిద్రించే వేళ ఇంకొకరు మేలుకొని ఉండడం అతనికి అలవాటైన క్రమమే. రొక్కం కొంచెం కొంచెంగా వస్తుంది. ఇంట్లో సణుగుడు తప్పదు. అయినా చేను మాత్రం ఏనాడూ గాలికి బయటపడి ఉండదు.

తుఫాను వార్త వచ్చిన సాయంకాలం ఇరుగుపొరుగువారు అతని వాకిట చేరుతారు. “ఏటి మావా, గాలి ఎటేపు తిరుగుతాది?” అని అడుగుతారు. అతడు తూర్పుకు తిరిగి కొంతసేపు నిలుస్తాడు. జవాబుకు ముందు అతని నోట వచ్చేది ఇంకొక ప్రశ్న:

“కొట్టిన కాడ నారు నాటినారా?”