ప్లేనార్ స్పీకర్లకు ఏ యాంప్లిఫైయర్ సరిపోతుంది? కొనేముందు ఈ లెక్కలు చూసుకోండి

సౌండ్‌బార్లు, బ్లూటూత్ స్పీకర్ల గురించి మనం చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఈసారి కాస్త పెద్ద సబ్జెక్ట్. తలుపు రెక్కలా పల్చగా, నిలువుగా ఉండే ప్యానెల్ స్పీకర్లు చూసే ఉంటారు. వీటినే ప్లేనార్ స్పీకర్లు అంటారు. డబ్బా ఉండదు, కోన్ ఉండదు. సన్నటి పొర ముందుకీ వెనక్కీ కదిలి సౌండ్ ఇస్తుంది. వీణ గానీ, గొంతు గానీ వీటిలో ఒకసారి వింటే మామూలు స్పీకర్లకు వెనక్కి వెళ్లడం కష్టమే.

అయితే వీటికి తప్పు యాంప్లిఫైయర్ తగిలిస్తే ఆ అందం అంతా పోతుంది. మన దగ్గర ఇంటికి తెచ్చుకుని విని చూసే అవకాశం చాలా తక్కువ. కొన్నాక వెనక్కి ఇవ్వడం ఇంకా కష్టం. అందుకే కొనకముందే కాగితం మీద లెక్క వేసుకోవాలని నేను చెబుతుంటాను.

మా పెద్దమ్మ కొడుకు విషయమే చూడండి. కూకట్‌పల్లిలో ఉంటాడు. పిల్లల చదువులు అయ్యాక, ఎన్నో ఏళ్ల ఆశ తీర్చుకుందామని సెకండ్ హ్యాండ్‌లో ఒక జత మాగ్నెపాన్ ఎల్ఆర్ఎస్ స్పీకర్లు మాట్లాడుకున్నాడు. యాంప్, ప్రీయాంప్ కలిపి రెండు లక్షలు పక్కన పెట్టాడు. అందులో సగం ఒక ట్యూబ్ ప్రీయాంప్‌కి పెడదామని ప్లాన్. "తమ్ముడూ, ఒకసారి లిస్టు చూసి చెప్పు, మళ్లీ ఇంత డబ్బు పెట్టలేను" అన్నాడు. ఆయనకి చెప్పిందే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందు మీ ప్యానెల్ ఏ రకమో తెలుసుకోండి

ప్లేనార్ అని ఒకే పేరుతో పిలిచినా ఇందులో ముఖ్యంగా రెండు రకాలున్నాయి. యాంప్‌తో ఇవి ప్రవర్తించే తీరు పూర్తిగా వేరు.

మొదటిది ప్లేనార్ మాగ్నెటిక్. పల్చటి ఫిల్మ్ మీద తీగ అతికించి ఉంటుంది, దాని పక్కనే అయస్కాంతాలు ఉంటాయి. 3ఎం కంపెనీలో ఇంజినీర్‌గా చేసిన జిమ్ వైనీ 1969లో అమెరికాలోని మిన్నెసోటాలో మొదలుపెట్టిన మాగ్నెపాన్ ఇందులో పెద్ద పేరు. వీటికి కరెంట్ ప్లగ్ అక్కర్లేదు.

రెండోది ఎలక్ట్రోస్టాటిక్. వేల వోల్టుల చార్జ్ ఉన్న పొర రెండు జాలీల మధ్య కదులుతుంది. క్వాడ్, మార్టిన్‌లోగన్ ఈ రకం. ఆ హై వోల్టేజ్ కోసం వీటిని గోడ ప్లగ్‌కి పెట్టాలి.

మాగ్నెటిక్ ప్యానెల్: అడిగేది కరెంట్

ఎల్ఆర్ఎస్ స్పెసిఫికేషన్‌లో ఇంపిడెన్స్ 4 ఓమ్స్, సెన్సిటివిటీ 2.83 వోల్ట్స్‌కి 86 డీబీ అని ఉంటుంది. 86 అంటే పర్వాలేదే అనిపిస్తుంది. కానీ 2.83 వోల్ట్స్ అనేది 8 ఓమ్స్‌లో 1 వాట్, 4 ఓమ్స్‌లో మాత్రం 2 వాట్స్. అంటే 1 వాట్‌కి వచ్చేది నిజానికి 83 డీబీ. 1 వాట్‌కి 89 డీబీ ఇచ్చే మామూలు బుక్‌షెల్ఫ్ స్పీకర్‌తో పోలిస్తే, అంతే సౌండ్‌కి నాలుగు రెట్లు పవర్ కావాలన్నమాట.

ఇంట్లో మనం వినేది సగటున 75 డీబీ దగ్గర ఉంటుందనుకోండి. మృదంగం దెబ్బ పడినప్పుడో, ఆర్కెస్ట్రా ఒక్కసారి లేచినప్పుడో 20 డీబీ పైకి పోతుంది. మీ సోఫా దగ్గర 95 డీబీ రావాలంటే, దూరంతో తగ్గేది కలుపుకుని ఒక్కో స్పీకర్‌కి 50 నుంచి 100 వాట్స్ దాకా పట్టొచ్చు. అందుకే 4 ఓమ్స్‌లో కనీసం 100 వాట్స్, హాయిగా ఉండాలంటే 200 వాట్స్ చూసుకోమంటాను.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. డబ్బా మీద 100 వాట్స్ అని ఉంటుంది, కానీ అది 8 ఓమ్స్ లెక్క. అప్పుడు యాంప్ ఇచ్చేది సుమారు 28 వోల్ట్స్, మూడున్నర యాంపియర్లు. అవే 28 వోల్ట్స్ 4 ఓమ్స్‌కి ఇవ్వాలంటే ఏడు యాంపియర్లు కావాలి. పవర్ సప్లై చిన్నదైతే, బోరు మోటర్ ఆన్ చేయగానే ఇంట్లో లైట్లు డిమ్ అయినట్టు వోల్టేజ్ కుంగిపోతుంది. సౌండ్ గట్టిపడి, గరుకుగా మారుతుంది.

కాబట్టి 8 ఓమ్స్, 4 ఓమ్స్ రెండు నంబర్లూ చూడండి. 4 ఓమ్స్‌లో దాదాపు రెట్టింపు వస్తుంటే ఆ పవర్ సప్లైలో దమ్ముంది. అసలు 4 ఓమ్స్ నంబరే రాయకపోతే వదిలేయండి. కొన్ని ఏవీ రిసీవర్లలో ఇంపిడెన్స్‌ని 4 ఓమ్స్‌కి మార్చే సెట్టింగ్ ఉంటుంది. అది సాధారణంగా లోపలి వోల్టేజ్ తగ్గించి వేడిని అదుపు చేయడానికే. దానివల్ల పవర్ పెరగదు, తగ్గుతుంది.

ఎలక్ట్రోస్టాటిక్: ఇక్కడ కథ వేరు

ఎలక్ట్రోస్టాటిక్ ప్యానెల్ యాంప్‌కి ఒక పెద్ద కెపాసిటర్‌లా కనిపిస్తుంది. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ ఇంపిడెన్స్ పడిపోతుంది. మార్టిన్‌లోగన్ ఎలక్ట్రోమోషన్ ఈఎస్ఎల్‌నే తీసుకుంటే, మామూలుగా 6 ఓమ్స్ అని చెప్పినా 20 కిలోహెర్ట్జ్ దగ్గర 1.6 ఓమ్స్‌కి దిగుతుంది.

ఆ చివర పాటలో శక్తి తక్కువే ఉంటుంది కాబట్టి వాట్స్ పెద్ద సమస్య కాదు. యాంప్ అవుట్‌పుట్ ఇంపిడెన్స్ సమస్య. 2 ఓమ్స్ అవుట్‌పుట్ ఇంపిడెన్స్ ఉన్న ట్యూబ్ యాంప్ పెట్టారనుకోండి, ఆ 1.6 ఓమ్స్ దగ్గర సిగ్నల్ సగం కన్నా తక్కువకి పడుతుంది, అంటే సుమారు 7 డీబీ నష్టం. తాళాల మెరుపు మాయం. "ట్యూబ్ కదా, సౌండ్ తియ్యగా ఉంది" అనుకునేదాంట్లో చాలాసార్లు ఇదీ ఒక భాగమే. అదే ట్యూబ్ యాంప్ మాగ్నెపాన్‌కి పెడితే ఇంత తేడా రాదు, ఎందుకంటే అక్కడ ఇంపిడెన్స్ దాదాపు సమంగా ఉంటుంది.

క్లాస్ డీ యాంపుల్లోనూ ఇదే చూడాలి. అవుట్‌పుట్ ఫిల్టర్ తర్వాత నుంచి ఫీడ్‌బ్యాక్ తీసుకోని డిజైన్లలో, స్పీకర్ మారితే పై ఫ్రీక్వెన్సీల తీరు మారుతుంది. హైపెక్స్ ఎన్‌కోర్, ప్యూరిఫై మాడ్యూల్స్ వాడిన వాటిలో ఈ ఇబ్బంది లేదు.

ఇంకో హెచ్చరిక. పెద్ద యాంప్ ఎప్పుడూ మంచిదని కాదు. 1957లో వచ్చిన క్వాడ్ తొలి ఎలక్ట్రోస్టాటిక్‌కి (ఈఎస్ఎల్-57 అంటారు) 33 వోల్ట్స్ పీక్ దాటకూడదు. 8 ఓమ్స్‌లో 100 వాట్స్ ఇచ్చే యాంప్ 40 వోల్ట్స్ పీక్ దాకా వెళ్తుంది. ప్యానెల్‌లో నిప్పురవ్వ పడితే బాగుచేయడం ఖర్చుతో కూడిన పని. అప్పట్లో దానికి జోడీ 15 వాట్స్ క్వాడ్ 2 ట్యూబ్ యాంప్ అని గుర్తుపెట్టుకోండి.

ప్రీయాంప్‌కి ఎంత పెట్టాలి?

గ్యాడ్జెట్ ప్రియులకి నచ్చే లెక్క ఇది. చాలా పవర్ యాంపులు సిగ్నల్ వోల్టేజ్‌ని 20 రెట్లు పెంచుతాయి. ఫోన్‌కి పెట్టే చిన్న డాంగిల్ 1 వోల్ట్ ఇస్తుందనుకుంటే అది 20 వోల్ట్స్ అవుతుంది. 4 ఓమ్స్‌లో అది సరిగ్గా 100 వాట్స్! 2 వోల్ట్స్ ఇచ్చే డాక్ అయితే యాంప్‌కి ఓపిక ఉన్నంతవరకూ నడిపిస్తుంది. అంటే సిగ్నల్ పెంచడానికి ప్రీయాంప్ అవసరం చాలా ఇళ్లలో లేదు. వాల్యూమ్ కంట్రోల్, ఇన్‌పుట్లు మార్చుకోవడం, టర్న్‌టేబుల్ ఉంటే ఫోనో స్టేజ్ – వీటికోసమే కావాలి. (ఫోన్‌ని నేరుగా పవర్ యాంప్‌కి మాత్రం పెట్టకండి. ఫుల్ వాల్యూమ్‌లో ఒక నోటిఫికేషన్ మోగితే చాలు.)

ట్యూబ్ ప్రీయాంప్‌తో ఇంకో చిక్కుంది. పవర్ యాంప్ ఇన్‌పుట్ ఇంపిడెన్స్, ప్రీయాంప్ అవుట్‌పుట్ ఇంపిడెన్స్‌కి కనీసం పది రెట్లు ఉండాలి. ట్యూబ్ ప్రీయాంపుల చివర ఒక కెపాసిటర్ ఉంటుంది. అది 0.47 మైక్రోఫారడ్ అయి, పవర్ యాంప్ ఇన్‌పుట్ 10 కిలో ఓమ్స్ అయితే 34 హెర్ట్జ్ దగ్గరే బాస్ 3 డీబీ తగ్గిపోతుంది. అదే 47 కిలో ఓమ్స్ అయితే 7 హెర్ట్జ్ దాకా ఢోకా లేదు. అన్నయ్య లిస్టులో ఉన్న జత సరిగ్గా మొదటి రకమే. అసలే ఎల్ఆర్ఎస్ 50 హెర్ట్జ్ వరకే దిగుతుంది, తర్వాత సబ్‌వూఫర్ కలపాలనుకుంటే ఈ నష్టం తెలిసిపోతుంది.

అందుకే లక్ష రూపాయల ప్రీయాంప్ వద్దన్నాను. వాల్యూమ్ కంట్రోల్ ఉన్న మంచి డాక్ ఒకటి, 4 ఓమ్స్‌లో 200 వాట్స్ ఇచ్చే వాడిన పవర్ యాంప్ ఒకటి తీసుకున్నాడు. మిగిలింది సబ్‌వూఫర్ కోసం దాచాడు.

మన ఇళ్లలో చూసుకోవాల్సినవి

ప్యానెల్ వెనక్కి కూడా అంతే సౌండ్ వదులుతుంది. గోడకి కనీసం మూడు అడుగుల దూరం కావాలి. 10×12 గదిలో మంచం, బీరువా ఉంటే ప్లేనార్ ఆలోచన మానుకోవడమే మేలు, ఎంత మంచి యాంప్ అయినా దాన్ని సరిచేయలేదు. టైల్స్ ఫ్లోర్ అయితే మధ్యలో ఒక తివాచీ వేయండి.

క్లాస్ ఏ యాంప్ అయితే పాట వచ్చినా రాకపోయినా వందల వాట్స్ లాగి వేడి చేస్తుంది. మే నెలలో హాల్లో దాన్ని భరించగలరా, కరెంట్ పోతే మీ ఇన్వర్టర్ మోస్తుందా అని అడుగుకోండి. క్లాస్ ఏబీ గానీ, మంచి క్లాస్ డీ గానీ మనకి సుఖం.

డబ్బు పెట్టే వరుస కూడా ఇదే: ముందు గది, తర్వాత ప్యానెల్, దానికి తగిన పవర్ యాంప్, అన్నిటికన్నా చివర ప్రీయాంప్. అమ్మేవాళ్లని రెండు ప్రశ్నలు అడగండి: 4 ఓమ్స్‌లో ఎంత ఇస్తుంది, ఇన్‌పుట్ ఇంపిడెన్స్ ఎంత? రెండింటికీ సూటిగా జవాబు వచ్చాకే అడ్వాన్స్ ఇవ్వండి.