కారుకు రెండు వయసులు

పిల్లలూ! హైదరాబాదులో చార్మినారు చూడడానికి వెళ్ళినప్పుడు, దానికి దగ్గరలోనే ఉన్న చౌమహల్లా ప్యాలెస్‌కు కూడా తప్పకుండా వెళ్ళండి. అక్కడ పసుపు పచ్చని పాత మోటారు కారు ఒకటి కనిపిస్తుంది. అది ఇంగ్లండులో రోల్స్ రాయిస్ కంపెనీ తయారు చేసిన ‘సిల్వర్ ఘోస్ట్’. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ దానిని పురమాయించారు. కాని అది చేతికి రాకముందే, 1911లో, ఆయన కన్నుమూశారు. తరువాత అది ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ సొత్తయింది. ఉత్సవాలప్పుడు తప్ప బయటకు తీయని బండి కాబట్టి అది నడిచిన దూరం బహు తక్కువ.

ఇప్పుడు ఇంకో కారు సంగతి చెబుతాను, వినండి. అమెరికాలో న్యూయార్కు పక్కన లాంగ్ ఐలండ్ అనే చోట ఇర్వ్ గోర్డన్ అనే సైన్సు మాస్టారు ఉండేవారు. 1966లో ఆయన దాదాపు ఏడాది జీతం పోసి ఒక ఎర్రని వోల్వో కారు కొన్నారు. దానితోనే రోజూ బడికి వెళ్ళేవారు, సెలవులు వస్తే దేశమంతా తిరిగేవారు. 2013 సెప్టెంబరులో, అలాస్కాలో, ఆ కారు 30 లక్షల మైళ్ళు పూర్తి చేసింది. అంటే సుమారు 48 లక్షల కిలోమీటర్లు! భూమి నుంచి చంద్రుడి దాకా ఆరుసార్లు వెళ్ళి, ఆరుసార్లు తిరిగి వచ్చినంత దూరమన్నమాట. 2018లో ఆయన చనిపోయే నాటికి కూడా ఆ కారు నడిచే స్థితిలోనే ఉంది.

మరి నిజాము గారి కారు? అది ఎన్నో దశాబ్దాలపాటు కదలకుండా ఉండిపోయింది. నేడు మనం చూసే రూపానికి దానిని తీసుకురావడానికి నిపుణులు ఎంతో శ్రమ పడవలసి వచ్చింది.

ఎక్కువగా తిరిగిన కారు బాగుంది. తిరగని కారు పాడయింది. ఇది వింతగా లేదూ? వింత ఏమీ లేదు. కారుకు ఒక వయసు కాదు, రెండు వయసులున్నాయి. ఒకదాన్ని కిలోమీటర్లలో లెక్కించాలి. రెండోదాన్ని సంవత్సరాల్లో లెక్కించాలి. ఖరీదైన పాత కారును పోషించేవారు ఈ రెండు లెక్కలూ చూసుకోవాలి. ఒకటి మరచినా అది బండికి చేటు, ఒక్కోసారి మనిషి ప్రాణానికే చేటు.

దూరం తెచ్చే వయసు

రెండు లోహపు ముక్కలు ఒకదానిమీద ఒకటి రుద్దుకుంటే ఘర్షణ పుడుతుందని మీకు తెలుసు. ఘర్షణ వల్ల వేడి పుడుతుంది, లోహం అరుగుతుంది. ఎద్దుబండి ఇరుసుకు మన పెద్దలు ఆముదంతో చేసిన కందెన పూసింది ఇందుకే. కారు ఇంజనులో ఆ పని ఇంజనాయిలు చేస్తుంది.

ఎలా చేస్తుందో చూడండి. ఇంజనులో గిరగిర తిరిగే ఇరుసు తనతోపాటు నూనెను కూడా లాక్కుపోతుంది. ఇరుసుకూ బేరింగుకూ మధ్యనున్న సన్నని సందులోకి ఆ నూనె దూరి, ఇరుసును పైకి ఎత్తి పట్టుకుంటుంది. ఆ నూనె పొర మన తలవెంట్రుక మందం కంటే ఎంతో పలచన. అయినా అది ఉన్నంతసేపూ లోహం లోహాన్ని తాకదు. తాకనప్పుడు ఇక అరిగేదేమిటి?

ఇది మాటలు కాదు, కొలిచి చూసిన సంగతి. 1907లో రోల్స్ రాయిస్ కంపెనీ ఒక కారుకు వెండి రంగు వేసి, లండనుకూ గ్లాస్గోకూ మధ్య మళ్ళీ మళ్ళీ తిప్పింది. ‘సిల్వర్ ఘోస్ట్’ అనే పేరు మొదట ఆ కారుదే. బ్రిటనులోని రాయల్ ఆటోమొబైల్ క్లబ్బు పరిశీలకులు పక్కనే ఉండి లెక్కలు రాసుకున్నారు. 15,000 మైళ్ళు తిరిగిన తరువాత కారును విడగొట్టి భాగాలను కొలిచారు. అరిగిన వాటి స్థానంలో కొత్తవి వేయడానికి అయిన ఖర్చు రెండు పౌన్లు దాటి కొన్ని షిల్లింగులే!

అయితే ఒక చిక్కు ఉంది. ఇంజను ఆగినప్పుడు నూనె కిందికి జారిపోతుంది. మళ్ళీ స్టార్టు చేసిన తొలి క్షణాల్లో పొర ఇంకా ఏర్పడి ఉండదు. అప్పుడే లోహం లోహాన్ని తాకుతుంది. పైగా చల్లగా ఉన్న ఇంజనులో పెట్రోలు మండినప్పుడు పుట్టే నీటి ఆవిరి నీరుగా మారి నూనెలో కలుస్తుంది. దూర ప్రయాణంలో ఇంజను బాగా వేడెక్కి ఈ నీరు ఆవిరైపోతుంది. వీధి చివరిదాకా వెళ్ళి వచ్చే బండిలో అది అక్కడే నిలిచి, ఆమ్లాలతో కలిసి లోహాన్ని తింటుంది. కాబట్టి రోజుకు పదిసార్లు స్టార్టు చేసి పది కిలోమీటర్లు తిరిగే కారు కంటే, ఒకేసారి వంద కిలోమీటర్లు వెళ్ళే కారు ఇంజను కిలోమీటరుకు తక్కువ అరుగుతుంది.

గోర్డన్ మాస్టారి రహస్యం ఇదే. ఆయనవి దూర ప్రయాణాలు. పైగా కారుతో ఇచ్చిన పుస్తకంలో ఏ పని ఎప్పుడు చేయమన్నారో అప్పుడే చేసేవారు. నూనె నల్లబడి ఇంజను మొరాయించేదాకా ఆగలేదు. లెక్క ప్రకారం మార్చేశారు.

కాలం తెచ్చే వయసు

ఇక రెండో వయసు. కారును షెడ్డులో పెట్టి, గుడ్డ కప్పి, తాళం వేశామనుకోండి. కిలోమీటర్ల లెక్క ఆగిపోతుంది. కాని రసాయనశాస్త్రం ఆగుతుందా? ఆగదు.

ఇనుము సంగతి మీకు తెలిసిందే. గాలిలోని ఆక్సిజను, తేమ కలిస్తే తుప్పు పడుతుంది. తుప్పు అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే రంగు కింద ఉబ్బి, పొక్కులై, పెచ్చులుగా రాలుతుంది. రాలినచోట కొత్త ఇనుము బయటపడి మళ్ళీ తుప్పు మొదలు. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఉప్పు వల్ల ఈ పని ఇంకా వేగంగా సాగుతుంది.

తరువాత రబ్బరు. గాలిలో కొద్దిగా ఉండే ఓజోను రబ్బరు అణువుల గొలుసులను తెంచుతుంది. అందుకే టైర్ల తయారీలో మైనం వంటి రక్షక పదార్థాలు కలుపుతారు. టైరు దొర్లుతూ వంగుతూ ఉంటే ఆ మైనం పైకి వచ్చి పొరగా కప్పుతుంది. కదలని టైరులో అది సరిగా పైకి రాదు. దానితో పగుళ్ళు మొదలవుతాయి. చూశారా, ఇక్కడ కదలికే మందు!

బ్యాటరీ కూడా అంతే. వాడకపోయినా అది నెమ్మదిగా తనంతట తానే ఖాళీ అవుతుంది. అప్పుడు లోపలి పలకల మీద సీసం సల్ఫేటు ఏర్పడుతుంది. వెంటనే ఛార్జి చేస్తే కరిగిపోతుంది. నెలల తరబడి వదిలేస్తే గట్టి స్ఫటికాలై ఇక కరగదు. పెట్రోలు కూడా నిలవ ఉంటే గాలితో కలిసి జిగురుగా మారి, ఇంజనుకు పెట్రోలు అందించే సన్నని రంధ్రాలను మూసేస్తుంది. ఇప్పుడు మన దేశంలో పెట్రోలులో ఇథనాలు కలుపుతున్నారు. ఇథనాలు నీటిని ఆకర్షిస్తుంది. దానికోసం తయారు కాని పాత కార్ల రబ్బరు గొట్టాలను కూడా అది దెబ్బతీయవచ్చు.

నీరు దాగిన బ్రేకు

పాత ఖరీదైన కారులో అన్నింటికంటే జాగ్రత్తగా చూడవలసింది బ్రేకు. 1965లో రోల్స్ రాయిస్ ‘సిల్వర్ షాడో’ అనే కారును విడుదల చేసింది. 1980 వరకు దానిని తయారు చేశారు. అందులో బ్రేకులకూ, కారు ఎత్తును సరిచేసే ఏర్పాటుకూ ద్రవ పీడనం వాడారు. ఆ గొట్టాలలో ద్రవ పీడనం వాతావరణ పీడనానికి 150 రెట్లకు పైనే ఉంటుంది. పాస్కల్ నియమం చదివారు కదా! ఒకచోట ఒత్తితే ద్రవం ఆ పీడనాన్ని అన్ని వైపులకూ అందిస్తుంది. ద్రవాన్ని నొక్కి కుదించలేము కాబట్టే ఇది సాధ్యం.

మామూలు కార్ల బ్రేకు ఆయిలుకు ఒక గుణం ఉంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. రబ్బరు గొట్టాల గుండా కూడా తేమ మెల్లమెల్లగా లోపలికి చేరుతుంది. డాట్ 3 అనే ప్రమాణం ప్రకారం కొత్త బ్రేకు ఆయిలు 205 డిగ్రీల సెల్సియస్ లోపు మరగకూడదు. అందులో నూటికి 4 పాళ్ళు కూడా లేని నీరు చేరితే చాలు, అది 140 డిగ్రీలకే మరిగిపోవచ్చు!

ఇప్పుడు తిరుమల ఘాట్ రోడ్డు మీద కిందికి దిగుతున్నామనుకోండి. మలుపు మలుపుకూ బ్రేకు వేయాలి. కారు గమన శక్తి అంతా బ్రేకుల దగ్గర వేడిగా మారుతుంది. ఆ వేడికి పాత బ్రేకు ఆయిలు మరిగి, గొట్టంలో ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవాన్ని కుదించలేము గాని ఆవిరిని సులభంగా కుదించవచ్చు. అప్పుడు పెడలు ఎంత తొక్కినా బుడగలు నలుగుతాయే తప్ప బ్రేకు పట్టదు. ఆ కారు నెలకు ఒక్కసారి మాత్రమే బయటకు తీసినదైనా సరే, బయటికి తళతళ మెరుస్తున్నా సరే, లోపల చేరిన నీరు కిలోమీటర్లను లెక్కపెట్టదు, ఏళ్ళనే లెక్కపెడుతుంది. అందువల్లనే ఎంత తక్కువ తిరిగినా బ్రేకు ఆయిలును సాధారణంగా రెండేళ్ళకొకసారి మార్చమంటారు.

ఇంకో విశేషం. సిల్వర్ షాడోకు వాడే ప్రత్యేకమైన బ్రేకు ద్రవంలో ఆముదం కలుస్తుంది. బండి ఇరుసుకు పూసిన ఆముదమే, రాజుల కారు పంపులను కూడా అరగకుండా కాపాడుతున్నదన్నమాట! 1980 తరువాత వచ్చిన మోడలుకు ఖనిజ నూనె పెట్టారు. ఒకదాని బదులు మరొకటి పోస్తే లోపలి రబ్బరు సీళ్ళు ఉబ్బి పాడైపోతాయి. డబ్బా మీద ఏముందో చదవకుండా పోయడం ఎంత ప్రమాదమో చూడండి.

కొనడం తేలిక, పోషించడం కష్టం

కొత్తగా ఉన్నప్పుడు ధనవంతులు మాత్రమే కొనగలిగిన సిల్వర్ షాడో, పాతబడ్డాక ఇంగ్లండులో మామూలు కొత్త కారు ధరకే దొరకసాగింది. చాలామంది ఉత్సాహపడి కొన్నారు. కాని కారు ధర తగ్గింది గాని విడిభాగాల ధర తగ్గలేదు. పని గంటలూ తగ్గలేదు. ఏనుగును చవకగా కొనవచ్చు, మేత మాత్రం ఏనుగు మేతే!

ఆ కారు ఇంజను దిమ్మె అల్యూమినియంతో చేసినది. లోపలి సిలిండరు గొట్టాలు పోత ఇనుముతో చేసినవి. రెండు వేర్వేరు లోహాలు, మధ్యలో నీరు. మీకేమైనా గుర్తుకు వస్తున్నదా? అవును, వోల్టా ఘటమే! అటువంటి ఘటంలో ఒక లోహం కరిగిపోవడం తప్పదు. ఇక్కడ కరిగేది అల్యూమినియం. దీనిని ఆపడానికి రేడియేటరు నీటిలో తుప్పు నిరోధక రసాయనాలు ఉన్న ద్రవం కలుపుతారు. ఆ రసాయనాలు కొన్నేళ్ళకు ఖర్చయిపోతాయి. సమయానికి ద్రవం మార్చితే కొద్ది ఖర్చు. మార్చకపోతే ఇంజనే పోతుంది.

ఇందులో ఒక సూత్రం ఉంది. చవకైన వస్తువు ఖరీదైన వస్తువును కాపాడుతూ ఉంటుంది. నూనె ఇరుసును కాపాడుతుంది. రంగు ఇనుమును కాపాడుతుంది. చిన్న రబ్బరు సీలు పెద్ద పంపును కాపాడుతుంది. చవకైనదాన్ని సకాలంలో మార్చడమే పోషణ.

కాబట్టి పాత కారును ప్రేమగా చూసుకొనేవారి దగ్గర ఒక నోటు పుస్తకం ఉంటుంది. అందులో ప్రతి పనికీ ఎదురుగా రెండు గడులు: ఒకటి కిలోమీటర్లు, రెండోది తేదీ. ఏది ముందు నిండితే అప్పుడే ఆ పని చేయాలి. అప్పుడప్పుడు కారును బయటకు తీసి, ఇంజను పూర్తిగా వేడెక్కేదాకా నడపాలి. షెడ్డులోనే స్టార్టు చేసి అయిదు నిమిషాల్లో ఆపేస్తే మేలుకన్నా కీడే ఎక్కువ. ఎందుకో మీరు ఇప్పుడు చెప్పగలరు!

మీరే చేసి చూడండి

1. ఆగి ఉన్న కారు టైరు పక్క భాగాన్ని పరిశీలించండి. పొడవైన సంకేతం చివర నాలుగు అంకెలుంటాయి. ఒకవైపు కనిపించకపోతే రెండోవైపు ఉంటాయి. 2318 అని ఉంటే 2018వ సంవత్సరం 23వ వారంలో ఆ టైరు తయారైందని అర్థం. మీ వీధిలోని పది బళ్ళ టైర్ల వయసు లెక్కకట్టండి. వాటిలో ఏది ఎక్కువ తిరిగినదో, ఏది ఎక్కువ పగిలినదో పోల్చి రాసుకోండి. పెద్దవాళ్ళతో కలిసి, బండి ఆగి ఉన్నప్పుడే చూడాలి సుమా!

2. రెండు కొత్త ఇనుప మేకులు తీసుకోండి. ఒకదానికి కొబ్బరినూనె రాయండి. రెండింటినీ తడిగుడ్డ మీద వారం రోజులు ఉంచి, రోజూ కాస్త నీళ్ళు చల్లండి. ఎనిమిదో రోజున రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి.

3. మీ సైకిలు సంగతి! దాని గొలుసు, బ్రేకు రబ్బర్లు, టైర్లు, బెల్లు — వీటిలో దూరం వల్ల పాడయ్యేవి ఏవి? కాలం వల్ల పాడయ్యేవి ఏవి? రెండు గడుల పట్టిక గీసి నింపండి. గొలుసుకు చివరిసారి నూనె వేసిన తేదీ కూడా అందులో రాయండి. ఆ తేదీ గుర్తుకు రాకపోతే, నూనె డబ్బా ఈరోజే తీయండి.