చిన్న జనరేటరు - ఇంటి బ్యాటరీ

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో కురిసిన కుంభవృష్టికి కోదాడ పట్టణము జలమయమైనది. నడిగూడెము మండలములో నాగార్జునసాగరు ఎడమ కాలువకు గండి పడినది. సూర్యాపేటలో గాని, కోదాడలో గాని, మిర్యాలగూడలో గాని అట్టి రోజులలో కరెంటు పోయినచో, ఇన్వర్టరు గల ఇంటికి దాని బ్యాటరీయే దిక్కు. అదియు ఖాళీ అయినచో, పెట్రోలుతో నడచు చిన్న జనరేటరుతో మరల నింపుకొనవచ్చును.

కొన్ని జనరేటర్లకు 12 వోల్టుల డి.సి. సాకెట్టు ఉండును. బ్యాటరీని నేరుగా దానికే తగిలింపవచ్చునని తోచును. కాని దానినుండి వచ్చు ప్రవాహము స్వల్పము; బ్యాటరీ నిండునప్పుడు వోల్టేజిని అదుపు చేయు ఏర్పాటు చాలవాటిలో ఉండదు. 230 వోల్టుల సాకెట్టునకు మంచి ఛార్జరును తగిలించి నింపుటయే మేలు.

లెక్క చూతము. 150 ఆంపియర్-అవర్ల సీసపు బ్యాటరీకి అందులో పదవ వంతు, అనగా 15 ఆంపియర్లు, తగిన ప్రవాహము. 14.4 వోల్టుల వద్ద ఇది 216 వాట్లు. ఛార్జరులో పోవు నష్టమును కలిపినను, ఒక కిలోవాటు జనరేటరు ఈ భారమును సులభముగా మోయగలదు. సగము ఖాళీ అయిన బ్యాటరీ మూడు గంటలలో సుమారు 80 శాతమునకు వచ్చును. ఆ మూడు గంటల ఫలముతో 70 వాట్ల ఫ్యాను ఒకటి, 10 వాట్ల ఎల్.ఇ.డి. దీపములు రెండు దాదాపు ఐదు గంటలు నడచును. ఆపైన బ్యాటరీ మందముగా నిండును. దానికై పెట్రోలు కాల్చుట దండుగ. కరెంటు వచ్చిన పిదప పూర్తిగా నింపవలెను.

ముందుగా ఇన్వర్టరును ఆపి, ఛార్జరు క్లిప్పులను బ్యాటరీకి బిగింపవలెను. జనరేటరు నిలకడగా నడచిన తరువాతనే ఛార్జరు స్విచ్చి వేయవలెను. ముగించునప్పుడు ఛార్జరును ముందు ఆపవలెను. నిండుచున్న బ్యాటరీ నుండి మండు స్వభావము గల హైడ్రోజను వెలువడును. దాపున దీపముగాని, బీడీగాని వెలిగింపరాదు.

అసలు ప్రమాదము వేరొకటి. వాన పడుచున్నదని జనరేటరును వరండాలోనికి తెచ్చువారు కలరు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రించువారి ప్రాణములను నిద్రలోనే తీయగలదు. కిటికీ తెరచినంత మాత్రమున రక్షణ కలుగదు. కావున పగటివేళ, వాన తెరిపియిచ్చినపుడు, ఆరుబయట, తలుపులకు కిటికీలకు ఇరువది అడుగులకు తగ్గని దూరమున, పొడినేలపై దానిని నడపవలెను. పొగగొట్టము ఇంటివైపు ఉండరాదు. రాత్రి దానితో పనియే లేదు. బ్యాటరీ ఉన్నది అందులకే గదా!

మరియొక మాట. జనరేటరు తీగను గోడ ప్లగ్గులో గుచ్చి ఇల్లంతటికి కరెంటు ఎక్కింపరాదు. అది వీధి తీగలకు ఎదురెక్కి, ట్రాన్స్‌ఫార్మరులో వేల వోల్టులై, మనకు కరెంటు తెప్పించుటకే స్తంభమెక్కిన లైన్‌మన్‌ను చంపగలదు. జనరేటరుకు ఛార్జరును మాత్రమే తగిలించిన ఇంట ఆ భయము లేదు.