సిద్ధాంతానికి ఒక రుజువు చాలు.. మందుకు చాలదు!

బస్టాండు గోడ మీద సినిమా పోస్టరు పక్కన ఒక కాగితం అంటించి ఉంటుంది. నెల రోజుల్లో ఒళ్లు తగ్గిస్తామని, అన్నీ మూలికలేనని, 'పరిశోధనలో రుజువైంది' అని అందులో రాసి ఉంటుంది. ఆ పరిశోధన ఎక్కడ జరిగింది, ఎంతమంది మీద జరిగింది అన్నది మాత్రం ఉండదు. పొట్లం కొనేవారు ముందుగా అడగవలసిన ప్రశ్న అదే.

పరిశోధన అనే మాట ఒకటే అయినా, రుజువు అన్ని శాస్త్రాల్లోనూ ఒకే తీరుగా ఉండదు. కొద్ది ఏళ్ల తేడాతో మనవారు చేసిన రెండు పరిశోధనలను పక్కపక్కన పెట్టి చూస్తే ఈ సంగతి తేటతెల్లమవుతుంది. ఒకటి గణిత పరిశోధన. రెండోది కాశీలో జరిగిన మూలికా పరిశోధన.

కాగితం మీద తేలిన లెక్క

ఎక్స్ వర్గం, వై వర్గం కలిపితే ఒకటి అనే సమీకరణాన్ని గీస్తే వృత్తం వస్తుందని ఇంటర్ విద్యార్థులకు తెలిసిందే. సమీకరణాలు పెరిగి, చలరాశులు పెరిగినప్పుడు ఆ ఆకారాన్ని నల్లబల్ల మీద గీయడం ఎవరి తరమూ కాదు. అటువంటి ఆకారాల గుణాలను సమీకరణాల నుంచే రాబట్టే శాస్త్రం బీజీయ జ్యామితి. కంటికి కనబడని, చేతికి అందని వ్యవహారం.

ఫ్రెంచి గణితవేత్త జాన్ పియేర్ సెర్ 1955లో ఈ రంగంలో ఒక చిక్కు ప్రశ్న వేశారు. చలరాశులు రెండే ఉన్న సందర్భానికి బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన సి.ఎస్. శేషాద్రి 1958లో జవాబు రుజువు చేశారు. చలరాశులు ఎన్ని ఉన్నా అదే జవాబు నిలుస్తుందని 1976లో అమెరికాలో క్విల్లెన్, సోవియట్ యూనియన్‌లో సుస్లిన్ ఎవరికి వారుగా నిరూపించారు. దాంతో ఆ ప్రశ్న తీరిపోయింది. మళ్లీ పరీక్షించి చూడవలసిన పని లేదు. శేషాద్రి 2020లో కన్నుమూశారు. ఆయన రుజువు చెక్కుచెదరలేదు.

ఈ శాస్త్రానికి తెలుగునాటతోనూ సంబంధం ఉంది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో గణితాచార్యులుగా పనిచేసిన సి. ముసిలి, వి. లక్ష్మీబాయితో పాటు శేషాద్రితో కలిసి ఈ రంగంలో పరిశోధన చేశారు. కొత్తగా నేర్చుకునేవారి కోసం బీజీయ జ్యామితి మీద ఒక పాఠ్యగ్రంథం కూడా రాశారు.

కాశీలో కుందేళ్లు

మూలిక కథ ఇంత సాఫీగా సాగలేదు. ఒంట్లో కొవ్వు పేరుకోవడాన్ని ఆయుర్వేదం మేదోరోగం అంటుంది. సుశ్రుత సంహితలో దీని వర్ణన ఉంది. గుగ్గులు దీనికి మందుగా చాలాకాలంగా వాడుకలో ఉంది. మన పచారీ కొట్లలో ధూపానికి అమ్మే మహిసాక్షి ఇదే. రాజస్థాన్, గుజరాత్ మెట్టభూముల్లో పెరిగే ముళ్లచెట్టు బెరడుకు గాటు పెడితే కారే బంక ఇది.

బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో జి.వి. సత్యవతి ఈ పాత మాటను ప్రయోగశాలకు తెచ్చారు. కొలెస్టరాల్ కలిపిన మేత పెట్టిన కుందేళ్లకు గుగ్గులు ఇచ్చి చూస్తే రక్తంలో కొలెస్టరాల్ తగ్గింది. ఆమె సిద్ధాంత వ్యాసం 1966లో వెలువడింది. తరువాతి కాలంలో ఆమె భారత వైద్య పరిశోధనా మండలికి డైరెక్టర్ జనరల్ అయ్యారు.

లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధనా సంస్థ ఆ బంక నుంచి 'గుగులిపిడ్' అనే మందు తయారు చేసింది. బొంబాయి, బెంగుళూరు, ఢిల్లీ వంటి చోట్ల రోగుల మీద జరిపిన పరీక్షల ఫలితాలు 1989లో అచ్చయ్యాయి. 12 వారాలు మందు వాడిన 205 మందిలో ఎక్కువమందికి కొలెస్టరాల్ సగటున 23 శాతానికి పైగా తగ్గిందని అందులో తేలింది. ఇక్కడొక సంగతి గమనించాలి. ఇది రక్తంలో కొవ్వు తగ్గించే మందుగా వచ్చింది గాని, లావు తగ్గించే మందుగా కాదు.

అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వారు 103 మంది మీద 8 వారాలు పరీక్షించి 2003లో ఫలితాలు ప్రకటించారు. కొందరికి గుగులిపిడ్, కొందరికి ఉత్త మాత్రలు ఇచ్చారు. మందు తిన్నవారిలో చెడు కొలెస్టరాల్ తగ్గకపోగా 4, 5 శాతం పెరిగింది. ఆరుగురికి ఒంటి మీద దద్దుర్లు లేచాయి. వారి తిండి వేరు, మోతాదు వేరు అని వాదించేవారు ఉన్నారు. ఆ వాదన నిజమో కాదో తేల్చాలన్నా మళ్లీ పరీక్షించవలసిందే.

ఈలోగా గిరాకీ చెట్టు ప్రాణానికి వచ్చింది. బంక ఎక్కువ కారాలని ఎడాపెడా గాట్లు పెట్టడంతో చెట్లు ఎండిపోయాయి. ఈ చెట్టును అంతరించిపోయే ప్రమాదం తీవ్రంగా ఉన్న వాటి జాబితాలో చేర్చారు.

మూలికే గదా అనుకుంటే..

పరీక్ష లేని మందు ఎంతపని చేస్తుందో బెల్జియం చూసింది. బ్రస్సెల్స్‌లో లావు తగ్గించే మాత్రల్లో ఒక చైనా మూలికకు బదులు, పేరులో పోలిక ఉన్న మరో మూలిక కలిసింది. ఆ మాత్రలు మింగిన యువతుల మూత్రపిండాలు చెడిపోవడం 1992లో బయటపడింది. బాధితుల సంఖ్య 100 దాటింది. కొందరికి ఆ తరువాత మూత్రనాళంలో క్యాన్సర్ వచ్చింది. కలిసిన మూలిక మన చేలగట్ల మీద పెరిగే గాడిదగడపాకు, ఈశ్వరి జాతికి చెందినదే కావడం గమనార్హం.

మన దేశంలో 1954 నాటి మందులు, మంత్రచికిత్సల ప్రకటనల చట్టం ఉంది. ఫలానా మందు నయం చేస్తుందని ప్రకటన ఇవ్వకూడని జబ్బుల పట్టికలో స్థూలకాయం కూడా ఒకటి. మొదటి తప్పుకు ఆరు నెలల వరకు జైలు లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అయినా గోడల మీద కాగితాలకు కొదవ లేదు.

ఆయుర్వేదాన్ని తోసిపుచ్చవలసిన అవసరం లేదు. కాశీలో పరిశోధనకు దారి చూపింది పాత గ్రంథమే. కాని గ్రంథంలో ఉంది గనుక నిజమని అక్కడ ఊరుకోలేదు. కొనేవారూ ఊరుకోనక్కరలేదు. పొట్లంలో ఏమేం ఉన్నాయి, ఎంతమంది మీద పరీక్షించారు, ఉత్త మాత్రతో పోల్చి చూశారా అని అడగాలి. జవాబు రాకపోతే పొట్లం అక్కడే ఉంచి, డాక్టరు దగ్గరకు వెళ్లడం మేలు.